ప్లాస్టర్‌బోర్డ్ గోడకి పూజా మందిరం: కోర్‌ఫిక్స్ వాడి చూశాక నా అభిప్రాయం

ఇంగ్లండ్‌లో సొంతిల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. గోడకి బరువైనది ఏదైనా తగిలించాలంటే ఎలా? మాకు పూజా మందిరం దగ్గర వచ్చింది. అమ్మ రాజమహేంద్రవరంలో తెలిసిన వడ్రంగి చేత టేకుతో చేయించి కార్గోలో పంపిన మందిరం అది, ఖాళీగా తూస్తేనే 17 కిలోలు. విగ్రహాలు, దీపపు కుందులు, కింద సొరుగులో పుస్తకాలు, అగరబత్తులు అన్నీ పెట్టాక 22 కిలోలు దాటుతుంది. ఈశాన్యం మూల, తూర్పు గోడకి పెట్టాలని ఇంట్లో అందరిదీ ఒకటే మాట. అంటే గోడని ఎంచుకునే అవకాశం నాకు లేదు, ఆ గోడ ఎలా ఉంటే అలాగే దానికి బిగించాలి. అందుకు నేను వాడింది కోర్‌ఫిక్స్ అనే ప్లగ్గు, అంటే చిల్లులో దూర్చితే స్క్రూని గోడలో పట్టి ఉంచే గొట్టం లాంటిది.

వీడియో కాల్‌లో చూసిన నాన్న "నాలుగు గట్టి మేకులు కొట్టేయరా, దానికింత ఆలోచన ఎందుకు" అన్నారు. ఆయన చూసిన గోడలకి ఆ మాట సరిపోతుంది. అక్కడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, మీద సిమెంట్ ప్లాస్టరింగ్, డ్రిల్ పెట్టి రాల్ ప్లగ్ దూర్చి స్క్రూ బిగిస్తే ఏళ్ళ తరబడి కదలదు. ఇక్కడ వేలితో కొడితే డబడబమని మోగే గోడ. పైకి కనిపించేది 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు, దీన్నే ఇక్కడ ప్లాస్టర్‌బోర్డ్ అంటారు, రెండు వైపులా కాగితం, మధ్యలో సుద్దలాంటి పదార్థం. గోరుతో గీరితే రాలుతుంది. దీని వెనక ఏముందో తెలియకుండా షాపుకి వెళ్ళి ప్యాకెట్ మీద ఎక్కువ కిలోలు రాసి ఉన్న ప్లగ్గు కొనేయడమే అందరం చేసే తప్పు. నేనూ ఒకసారి చేశాను.

అది అద్దె ఇంట్లో ఉన్నప్పటి సంగతి. పిల్లల పుస్తకాల కోసం చిన్న అల్మారా అర బిగించాను, బోర్డులోకి స్క్రూడ్రైవర్‌తోనే తిప్పి ఎక్కించే మరలాంటి ప్లగ్గులతో. డ్రిల్ అక్కర్లేదు, ఐదు నిమిషాల పని, చూడటానికి గట్టిగానే ఉంది. మూడు వారాలకి ఒక రాత్రి పెద్ద చప్పుడు, లేచి చూస్తే అర కింద పడి ఉంది, గోడకి రెండు గుప్పెడంత గుంటలు, కార్పెట్ మీద తెల్ల పొడి. పగలు పాప అక్కడే కూర్చుని ఆడుకుంటుంది. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పడటం ఆ తర్వాతి సంగతి. అందుకే మందిరం విషయంలో రెండు వారాలు చదివాను, కొలిచాను, తర్వాతే డ్రిల్ పట్టుకున్నాను.

ముందు గోడ సంగతి చెప్పాలి, ఎందుకంటే కోర్‌ఫిక్స్ మంచిదా కాదా అన్నది పూర్తిగా దాని మీదే ఆధారపడి ఉంది. ఇక్కడి ఇళ్ళలో ప్లాస్టర్‌బోర్డ్ గోడలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది స్టడ్ గోడ: నిలువుగా చెక్క పట్టీలు లేదా సన్నటి ఇనుప ఛానెళ్ళు 400 లేదా 600 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున, వాటికి రెండు వైపులా బోర్డు, మధ్యలో ఖాళీ. గదికి గదికి మధ్య ఉండేవి ఎక్కువగా ఇవే. రెండోదాన్ని ఇక్కడి పనివాళ్ళు డాట్ అండ్ డాబ్ అంటారు. వెనక సిమెంట్ బ్లాకులతో కట్టిన నిజమైన గోడే ఉంటుంది, దాని మీద అంటుపెట్టే ముద్దలు అక్కడక్కడా కొట్టి బోర్డుని వాటికి అతికిస్తారు. ముద్దలు ఉన్న చోట తప్ప బోర్డుకీ బ్లాకుకీ మధ్య సుమారు 10 మిల్లీమీటర్ల నుంచి ఒక్కోసారి రెట్టింపు పైన ఖాళీ ఉంటుంది. మా తూర్పు గోడ బయటి గోడ, ఇది ఈ రెండో రకం.

ఎలా తెలుసుకున్నానంటే, మందిరం వెనక ఎలాగూ కనపడకుండా పోయే చోట 3 మిల్లీమీటర్ల సన్నటి బిట్‌తో ఒక్క చిల్లు పెట్టాను. మొదట తెల్ల పొడి వచ్చింది, అది బోర్డు. తర్వాత బిట్ ఒక్కసారిగా లోపలికి జారింది, అది ఖాళీ. ఆ వెంటనే గట్టిగా తగిలి బూడిద రంగు పొడి రావడం మొదలైంది, అది బ్లాక్. ఇటుక అయితే ఎర్ర పొడి వస్తుంది. స్టడ్ గోడ అయితే జారిన బిట్ జారినట్టే పోతుంది, వెనక ఏమీ తగలదు. బిట్ స్టడ్ మీదే పడితే చెక్క రజను వస్తుంది. చిల్లులో సన్నటి తీగ పెట్టి బ్లాకుకి తగిలే వరకు దూర్చి పెన్నుతో గీత పెట్టుకుంటే, రంగు మీద నుంచి బ్లాక్ దాకా ఎంత దూరమో తేలిపోతుంది. మా దగ్గర 28 మిల్లీమీటర్లు. అంటే మామూలు 50 మిల్లీమీటర్ల స్క్రూ వాడితే బ్లాకులోకి వెళ్ళేది 22 మాత్రమే, అందులో మందిరం చెక్క మందం కూడా పోతే ఇంక మిగిలేది ఏముంది?

సరే, పొడవాటి స్క్రూ, పొడవాటి మామూలు ప్లగ్గు వాడితే సరిపోదా అని నాకూ అనిపించింది. సరిపోదు. రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, స్క్రూ బిగించే కొద్దీ మనం తగిలించే వస్తువు బోర్డుని వెనక్కి నొక్కుతుంది, వెనక ఖాళీయే కాబట్టి బోర్డు లోపలికి వంగి పగులుతుంది, ఎంత తిప్పినా బిగువు రాదు. రెండు, ఆ ఖాళీ మేర స్క్రూకి కింద ఆధారం ఉండదు, బరువు దాన్ని కిందికి వంచుతూ ఉంటుంది, బోర్డులోని బెజ్జం మెల్లగా కోలగా సాగిపోతుంది. ఒక స్నేహితుడి ఇంట్లో టీవీ సరిగ్గా ఇలాగే ముందుకి వాలింది. డబ్బు తీసుకుని పెట్టి వెళ్ళిన పనివాడు మామూలు ప్లగ్గులే వాడాడు, ఆరు నెలలకి బ్రాకెట్ పైభాగం గోడ నుంచి వేలు దూరేంత విడిపోయింది. చూసి వెంటనే దింపించాం.

కోర్‌ఫిక్స్ ఈ రెండు ఇబ్బందుల కోసమే చేసిన వస్తువు. బయటికి పొడవాటి ప్లాస్టిక్ ప్లగ్గులా ఉంటుంది, లోపల ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. ప్లగ్గు ముందు భాగం బ్లాకులోకి వెళ్ళి అక్కడ వ్యాకోచించి పట్టుకుంటుంది. ఉక్కు గొట్టం ఉన్న భాగం సరిగ్గా ఖాళీలోనూ బోర్డులోనూ ఉంటుంది. స్క్రూ బిగించినప్పుడు మన వస్తువు ఆ గొట్టం అంచు మీద ఆనుతుంది, బోర్డు మీద కాదు. కాబట్టి బోర్డు నలగదు. బరువు కూడా గొట్టం మీదుగా బ్లాకుకి వెళ్తుంది, స్క్రూ వంగే ప్రసక్తి చాలా తగ్గుతుంది. నాకు బాగా నచ్చింది ఇదే. బోర్డుని ఎలా పట్టుకోవాలా అని తంటాలు పడకుండా, అసలు బోర్డు మీద బరువే పడకుండా చూస్తుంది.

బిగించిన తీరు వివరంగానే చెప్తాను. ముందు డిటెక్టర్‌తో కరెంటు తీగలూ పైపులూ చూసుకున్నాను. ఇక్కడి వైరింగ్ పద్ధతి ప్రకారం స్విచ్‌కి గానీ సాకెట్‌కి గానీ సరిగ్గా పైన, కింద, పక్కలకి తీగ వెళ్ళే అవకాశం ఉంటుంది, గోడ మూల నుంచి 150 మిల్లీమీటర్లలోపు, సీలింగ్ నుంచి 150 మిల్లీమీటర్లలోపు కూడా. మందిరం మూలకి దగ్గరగా కావాలన్నారు కాబట్టి మూల నుంచి 20 సెంటీమీటర్లు వదిలి మొదలుపెట్టాను. పాత ఇళ్ళలో ఈ పద్ధతి పాటించి ఉంటారన్న భరోసా లేదు, డిటెక్టర్ తప్పనిసరి.

మందిరాన్ని నేరుగా గోడకి కొట్టలేదు. ఒక చెక్క పట్టీని పొడవునా ఏటవాలుగా కోసి రెండు ముక్కలు చేశాను, ఒకటి గోడకి, ఒకటి మందిరం వెనక పైభాగాన. పైది కిందిదాని మీద కూర్చుంటుంది, బరువు పడే కొద్దీ గోడ వైపు ఇంకా దగ్గరికి లాక్కుంటుంది. గోడ పట్టీకి నాలుగు కోర్‌ఫిక్స్‌లు. పండగలకి మందిరం దింపి శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు, మా ఆవిడకి అది ముఖ్యం.

రసమట్టం పెట్టి గీత గీసుకుని, 10 మిల్లీమీటర్ల మేసన్రీ బిట్‌తో (ఇటుక, కాంక్రీట్‌లో చిల్లు పెట్టేది) డ్రిల్ చేశాను. బోర్డు దాటే వరకు డ్రిల్‌లో హ్యామర్, అంటే తిరుగుతూ దెబ్బలు కూడా కొట్టే సెట్టింగ్, ఆపేసి ఉంచాలి, లేకపోతే బోర్డు వెనక వైపు పెచ్చులు ఊడుతుంది. మా బ్లాక్ తేలికరకం, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు వాడుతున్న ఏఏసీ బ్లాకుల (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీట్) జాతిదే. అందులో హ్యామర్ అసలు వాడకూడదు, చిల్లు వదులైపోతుంది. గట్టి కాంక్రీట్ బ్లాక్ అయితే బోర్డు దాటాక హ్యామర్ వేసుకోవచ్చు. ఎంత లోతు వెళ్ళాలో బిట్‌కి టేప్ చుట్టుకుని గుర్తు పెట్టుకున్నాను. చిల్లులోని పొడిని వాక్యూమ్‌తో పూర్తిగా లాగేశాను, పొడి మిగిలితే ప్లగ్గు పట్టు తగ్గిపోతుంది. ఒక చిల్లు సరిగ్గా అంటు ముద్ద మీద పడింది, ఖాళీ తగల్లేదు. అక్కడ గట్టిగా ఉంది కదా అని ఆగిపోకూడదు, ఆ ముద్ద బోర్డుని అతికించడానికే గానీ బరువు మోయడానికి కాదు, బ్లాకులోకి వెళ్ళాల్సిందే.

ప్లగ్గు సుత్తితో మెల్లగా తడితే లోపలికి వెళ్ళింది, స్క్రూ చేత్తోనే బిగించాను. చివరి రెండు చుట్లలో తెలుస్తుంది, ఇంక తిరగనని గట్టిగా నిలబడిపోతుంది. బోర్డు మీద చిన్న నొక్కు కూడా పడలేదు. మామూలు ప్లగ్గులతో నాకెప్పుడూ ఆ బిగువు రాలేదు.

మందిరం ఎక్కించే ముందు ఒక పరీక్ష పెట్టాను. 10 కిలోల సోనా మసూరి బియ్యం బస్తాలు మూడు ఆ పట్టీకి తాళ్ళతో వేలాడదీసి ఒక రాత్రి, ఒక పగలు వదిలేశాను. పట్టీ పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీసి ఉంచాను. మర్నాడు సాయంత్రం చూస్తే గీత ఎక్కడుందో పట్టీ అక్కడే ఉంది. మందిరం ఎక్కించి ఇప్పటికి పద్నాలుగు నెలలు. ఒక ఉగాది, రెండు వినాయక చవితులు అయ్యాయి, రెండుసార్లు దింపి ఎక్కించాం. గీత కదల్లేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను, ఎందుకంటే ప్యాకెట్ మీద ఉండే కిలోల సంఖ్య చదివి మోసపోయేది ఇది తెలియకే. గోడకి తగిలించిన వస్తువు ఫిక్సింగ్‌ని కిందికే లాగదు, ముందుకీ లాగుతుంది. కిందికి లాగడం ఏ ప్లగ్గయినా కొంత తట్టుకుంటుంది, ముందుకి పీకడం దగ్గరే అన్నీ తేలిపోతాయి. వస్తువు బరువు గోడకి ఎంత దూరంలో ఉందో ఆ దూరంతో బరువుని గుణించి, పై స్క్రూకీ కింద గోడకి ఆనే చోటుకీ మధ్య ఉన్న ఎత్తుతో భాగిస్తే పై స్క్రూలని ముందుకి పీకే బలం వస్తుంది. మా మందిరం 22 కిలోలు, లోతు 30 సెంటీమీటర్లు కాబట్టి బరువు గోడకి సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. పట్టీ నుంచి మందిరం కింది అంచు వరకు 60 సెంటీమీటర్లు. 22 ఇంటూ 15 బై 60, అయిదున్నర కిలోలే, అదీ నాలుగు ఫిక్సింగ్‌ల మధ్య. అదే 22 కిలోలని 10 సెంటీమీటర్ల ఎత్తున్న బ్రాకెట్ మీద అరలా పెడితే? 33 కిలోల లాగుడు. బరువు మారలేదు, ఆకారం మారింది అంతే. నా పాత పుస్తకాల అర ఎందుకు పడిందో ఈ లెక్క వేసుకున్నాకే అర్థమైంది.

టీవీలకి ఇంకా ముఖ్యం. గోడకి అతుక్కుని ఉండే బ్రాకెట్ మీద 20 కిలోల టీవీ, గోడకి 5 సెంటీమీటర్ల దూరం, పై కింది స్క్రూల మధ్య 20 సెంటీమీటర్లు అనుకుంటే 5 కిలోల లాగుడు. అదే టీవీని చెయ్యిలా ముందుకి సాగే బ్రాకెట్ మీద అర మీటరు బయటికి లాగితే 50 కిలోలు! పైన రెండే స్క్రూలు ఉంటే ఒక్కోదాని మీద 25. పిల్లాడు పట్టుకుని ఊగితే ఇంకెంతో ఊహించుకోండి. హాల్లో టీవీకి కూడా నేను కోర్‌ఫిక్స్‌లే వాడాను, కానీ సాగే బ్రాకెట్ ఆలోచన మానుకుని అతుక్కునేదే తీసుకున్నాను. తేలికరకం బ్లాకులో సాగే బ్రాకెట్ పెట్టాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే, అనుభవం ఉన్నవాళ్ళని పిలిచి గోడ చూపించమనే చెప్తాను.

ఇంక దీనిలో నాకు నచ్చనివి. మామూలు ప్లగ్గులతో పోలిస్తే ఖరీదు బాగా ఎక్కువ, నాలుగేసి వచ్చే ప్యాకెట్, ఒక ఇంటికి టీవీ, మందిరం, రేడియేటర్ అంటూ లెక్క వేస్తే బిల్లు తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల చిల్లు పెద్దది, ఒకసారి పెట్టాక పక్కకి జరుపుకునే వీలు లేదు. నాలుగు చిల్లుల్లో ఒకటి నాకు రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయింది, గోడ కాదు, చెక్క పట్టీలో బెజ్జాన్ని కోలగా చేసుకోవాల్సి వచ్చింది. బయటికి లాగడం కూడా కష్టం, అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ముందే ఓనర్‌ని లిఖితపూర్వకంగా అడగండి. ప్లగ్గు పొడవు ఇంతే కాబట్టి మీ గోడలో ఖాళీ మరీ ఎక్కువైతే, లేదా బోర్డు వెనక ఇన్సులేషన్ అతికించిన రకమైతే, బ్లాకులోకి వెళ్ళే భాగం చాలదు. అందుకే తీగతో కొలవమన్నది. కొలత చూసుకుని, ప్యాకెట్ మీది బొమ్మతో పోల్చి, అప్పుడే కొనండి.

అన్నిటికంటే ముఖ్యంగా, స్టడ్ గోడకి ఇది పనికిరాదు. వెనక బ్లాకే లేనప్పుడు ప్లగ్గు దేన్ని పట్టుకుంటుంది? మా తమ్ముడు వరసైన ఒకతను పైగదిలో స్టడ్ గోడకి ఇవే తెచ్చి కొట్టబోతుంటే ఆపాను. అక్కడ మొదటి మార్గం చెక్క స్టడ్‌ని వెతికి నేరుగా అందులోకి స్క్రూ వేయడం. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరిపితే బోర్డుని బిగించిన స్క్రూల దగ్గర అతుక్కుంటుంది, అవి నిలువుగా ఒకే వరసలో వస్తే అదే స్టడ్. స్టడ్‌లు మనకి కావాల్సిన చోట లేకపోతే రెండు స్టడ్‌లని కలుపుతూ ఒక ప్లైవుడ్ ముక్క బిగించి దాని మీద వస్తువు పెట్టుకోవచ్చు. డాలస్‌లో ఉండే మా బావమరిది ఇంట్లో అన్నీ చెక్క స్టడ్ గోడలే, 16 అంగుళాలకి ఒకటి, అతను స్టడ్‌లోకే వేస్తాడు, కుదరని చోట బోర్డు వెనక అడ్డంగా తిరిగి పట్టుకునే ఇనుప టాగుల్ బోల్టులు వాడతాడు. ఖాళీ గోడకి అవి మంచివే, అయితే వాటిలో రెక్కలు విచ్చుకునే స్ప్రింగ్ రకంలో స్క్రూ పూర్తిగా విప్పితే రెక్కలు గోడ లోపల పడిపోతాయి.

ఫొటో ఫ్రేములు, గడియారం, క్యాలెండర్ లాంటి తేలిక వాటికి కోర్‌ఫిక్స్ దండగ. వాటికి నేను ఫిషర్ డ్యుయోపవర్ వాడుతున్నాను, బూడిద, ఎరుపు రెండు రంగుల్లో ఉంటుంది, గట్టి గోడలో వ్యాకోచిస్తుంది, ఖాళీ తగిలితే వెనక ముడిపడుతుంది. ఆ కంపెనీ పెట్టిన ఆర్తుర్ ఫిషరే 1958లో నైలాన్ ప్లగ్గు కనిపెట్టిన మనిషి. మన హార్డ్‌వేర్ షాపుల్లో ఇప్పటికీ అడిగే రాల్ ప్లగ్ అన్న మాట అంతకంటే పాతది, ఈ దేశంలోనే రాలింగ్స్ అనే ఆయన పేరు మీద పుట్టింది.

కొత్తగా ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు, గదులు మార్పిస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, బోర్డు మూసే ముందే మందిరం, టీవీ, వంటింటి అల్మారాలు ఎక్కడ వస్తాయో మేస్త్రీకి చెప్పి అక్కడ లోపల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టించండి. ఆ ముక్కకయ్యే డబ్బు చాలా తక్కువ, తర్వాత ఏ ప్లగ్గు గురించీ ఆలోచించక్కర్లేదు. మాకు ఆ అవకాశం రాలేదు.

డాట్ అండ్ డాబ్ గోడకి, వెనక బ్లాక్ ఉందని చిల్లు పెట్టి తేల్చుకున్నవాళ్ళకి, కోర్‌ఫిక్స్‌కి నా మార్కులు పదికి తొమ్మిది. ఒక మార్కు ధరకి తగ్గించాను. స్క్రూఫిక్స్ అనే హార్డ్‌వేర్ షాపులో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసి వెళ్ళి తెచ్చుకున్నాను. నేను కొన్న ప్యాకెట్‌లో డ్రిల్ బిట్ లేదు, 10 మిల్లీమీటర్ల మేసన్రీ బిట్ కాస్త పొడవుది, కొత్తది, దాంతోపాటే తెచ్చుకోండి. అరిగిపోయిన బిట్‌తో చిల్లు పెడితే అది పక్కకి పోతుంది, నాకు పోయిన ఆ రెండు మిల్లీమీటర్లు అలా పోయినవే.